మధ్య వరస

కొనకముందే ఆ బండి అపొండి కలలోకి రావడం మొదలుపెట్టింది. వచ్చిన ప్రతిసారీ రంగు మారేది. ఒకనాడు బూడిద రంగు, ఒకనాడు పొద్దుటిపూట సరస్సు మీద లేచే మంచు రంగు. చక్రాలు ఉండేవో లేవో ఆమె ఎప్పుడూ గమనించలేదు. కిసుము ఊరు దాటి, అహేరో వరి పొలాల మధ్య నుంచి, నీళ్ళ మీద పడవలా చప్పుడు లేకుండా పోయేది. ఒక్కటి మాత్రం మారేది కాదు. అందులో మూడు వరసల సీట్లు ఉండేవి. ఆఖరి వరసలో కిటికీ పక్కన ఆమె తల్లి నెరియా, అద్దానికి నుదురు ఆనించి బయటికి చూస్తూ కూర్చునేది.

లేచి తలుపు తీస్తే వాకిట్లో పాత కారు కనిపించేది. ఐదుగురు పట్టే కారు. మొగుడూ పెళ్ళాం, పెద్దపిల్ల అడోయో, కవల మగపిల్లలు, ఆఖరిది అకెలో ఎక్కితే, తలుపు మూయడానికి ఎవరో ఒకరు ఊపిరి బిగబట్టాల్సిందే. నెరియా ఆ కారు ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఇరుకని కాదు. నడిపేది అల్లుడు కాబట్టి.

అత్తా అల్లుడూ ఎదురుబదురు పడకూడదని లువో తెగ వాళ్ళ పద్ధతి. ఒకే బల్ల మీద కూర్చోరు, ఒకే పళ్ళెం దగ్గర తినరు, ఒకే కప్పు కింద పడుకోరు. ఎదురైతే కళ్ళు దించుకుంటారు. అది కోపం కాదు, పగ కాదు. ఎంత గౌరవమో అంత దూరం. ఈ రోజుల్లో ఊళ్ళో చాలామంది దీన్ని గాలికి వదిలేశారు. చేతులు కలుపుతున్నారు, ఫొటోల్లో భుజాలు రాసుకుంటూ నిలబడుతున్నారు. నెరియా వదల్లేదు. ఆమె వదలనంతకాలం అల్లుడు ఒగుటు కూడా వదలడు.

ఒగుటు బజారులో చేపల వలలు, తాళ్ళు అమ్ముతాడు. తాటిచెట్టంత మనిషి. ఒకసారి మటాటులో ఇంటికి వస్తుంటే, ఆ వ్యాను ఒకచోట ఆగి అత్తగారు ఎక్కబోవడం చూశాడు. కిటికీలోంచి దూకినంత పని చేసి దిగిపోయి, జోరువానలో నడుచుకుంటూ ఇల్లు చేరాడు. రెండు వీధుల అవతల చెల్లెలింట్లో ఉండే నెరియా ఆ సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయింది. "నన్ను చూసి నా అల్లుడు వానలోకి దూకాడమ్మా!" అనేది, బంగారు గాజులు చేయించాడని చెప్పుకున్నట్టు.

ఇలా ఎంతకాలమైనా నడిచిపోయేదే, నెరియా కళ్ళు బాగుంటే. కంటి నరం ఎండిపోతోందని పెద్దాసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం. పక్కలు ఇప్పటికే చీకటి. ఎదురుగా, మంచి వెలుతురులో ఉన్నది మాత్రం ఇంకా తెలుస్తోంది. అన్నీ విని నెరియా ఏడవలేదు. బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని కూతురితో ఒకే ఒక్క మాట అంది.

"ఒసే అపొండీ, ఎంబిటాలో మా ఊరికి దిగే దారిలో ఒక మలుపుంది. తిరగ్గానే సరస్సు మొత్తం ఒక్కసారిగా మీద పడుతుంది. పెళ్ళి చేసుకుని వచ్చేస్తుంటే ఆ మలుపులో వెనక్కి తిరిగి చూడబోయాను. కొత్త కోడలు వెనక్కి చూడకూడదని మీ నాయనమ్మ తల ముందుకు తిప్పేసింది. ఇంకొక్కసారి అది చూస్తే చాలు. ఆ తర్వాత ఈ కళ్ళు ఏమైపోతే నాకేం?"

మటాటులో పోదామంటే, ఆ తోపులాటలో చూపు కంటే ముందు ప్రాణం పోతుందంది. అద్దె కారు మాట ఎత్తితే అగ్గిమీద గుగ్గిలం అయింది. "కూతురికి మొగుడు లేడా, మొగుడికి బండి లేదా అని మావాళ్ళు నా మొహాన అడుగుతారు. అడిగించుకోనా?" ఇక మిగిలింది అల్లుడి కారే. ముసలమ్మ పట్టుదల ముసలమ్మది.

ఆ రోజే అపొండి మొగుడికి తేల్చి చెప్పింది. "ఎలాగూ పాత కారు మార్చేస్తానంటున్నావు కదా, అడోయో నాన్నా. కొంటే మూడు వరసల బండి కొను. ముందు నువ్వు. చివర అమ్మ. మధ్య వరసలో పిల్లలు. మధ్య వరసే గోడ అనుకో."

"నాలుగు నోళ్ళున్న గోడ," అన్నాడు ఒగుటు. కాని కాదనలేదు. నెరియా రెండు రోజులు ఆలోచించి, రెండిళ్ళ మధ్య కంచె ఉంటే రెండిళ్ళే అవుతాయి గదా అని తనకు తానే తీర్పు చెప్పుకుంది.

శనివారం నాడు అందరూ కాకమేగా రోడ్డులో పాత బళ్ళు అమ్మే చోటికి వెళ్ళారు. జపాన్ నుంచి ఓడలో మొంబాసా చేరి, అక్కడినుంచి వచ్చిన కార్లు వరసలు వరసలుగా ఎండలో నిలబడి ఉన్నాయి. అమ్మేవాడు బకారి కూడా మొంబాసా నుంచి వచ్చినవాడే. నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు మాట్లాడతాడు.

"ఇది చూడండమ్మా. అక్కడొక ముసలాయన వాడిన బండి. వారానికోసారి గుడికి వెళ్ళొచ్చేవాడు, అంతే."

"పోయిన వారం చూపించిన తెల్లబండి కూడా గుడికెళ్ళే ముసలాయనదే అన్నావు," అన్నాడు ఒగుటు. "ఒక్క ముసలాయనకి ఎన్ని బళ్ళయ్యా?"

బకారి నవ్వేసి తలుపులు తీశాడు. అపొండి కర్టెన్లు కుట్టే మనిషి. గుడ్డని ఎలా చూస్తుందో బండినీ అలాగే చూసింది, ముందు లోపలి వైపు, తర్వాతే పైమెరుగు. మధ్య సీటు ఎలా మడుస్తారో, చివరికి పోవడానికి సందు ఎంత ఉందో ఎక్కి దిగి చూసింది. ఆఖరి వరసలో కూర్చుని మోకాళ్ళ ముందు చెయ్యి పెట్టి చూసుకుంది. సీటు బాగా కిందికి ఉంది. మోకాళ్ళు నొప్పులున్న మనిషికి కష్టమే. ఆ వరస కిటికీ తెరుచుకోదు.

"మరి మా అమ్మకి గాలి?"

"పైన చూడండి, చల్లగాలి సందు. ఏ వరస గాలి ఆ వరసకే."

"ఈ సీటు లేపి ఉంచితే డిక్కీలో చోటేదీ? మొక్కజొన్న బస్తా ఎక్కడ పెట్టాలి?"

"పక్కన పెట్టుకోవచ్చమ్మా."

"కోడిపుంజు?"

బకారి తల గోక్కున్నాడు. "కోడిది ఏ వరసో మీరే చెప్పాలి. ఇదిగో, ముందు సీటు చూడండి. ఎండ పడకుండా ఈ పలక దించుకోవచ్చు. దీని వెనక అద్దం కూడా ఉంది, దీపంతో సహా. ఆడవాళ్ళు మొహం చూసుకోడానికి." కవలలు వెంటనే దూరి ఆ పలకను టపటపా దించి ఎత్తి, దీపం వెలుగుతుంటే కేకలు పెట్టారు. "అసలు ఇది కుటుంబం కోసమే చేసిన బండి. దీంట్లో ఎక్కితే అందరూ దగ్గరైపోతారు!"

"దగ్గర వద్దయ్యా," అంది అపొండి. "ముందు సీటుకీ చివరి సీటుకీ దూరం ఎంతుందో అది చెప్పు."

ఇన్నేళ్ళ వ్యాపారంలో బకారిని ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. ఒకసారి గేటు వైపు చూశాడు. అక్కడ ఒక ముసలావిడ యార్డుకు వీపు పెట్టి, మనవరాలి భుజం పట్టుకుని రోడ్డు వైపు తిరిగి నిలబడి ఉంది. ఇటు చూస్తే, అంత పొడుగు మనిషి ఒక లారీ చాటున నక్కి ఉన్నాడు. ఈ కుటుంబంలో ఏదో పెద్ద గొడవే ఉందనుకుని, పాపం, గొంతు తగ్గించాడు.

అపొండి మధ్య వరసలో కూర్చుంది. మెత్తగా ఉంది. బయట ఎండకి కార్ల పైకప్పులన్నీ ఒకదాని వెనక ఒకటి అలల్లా మెరుస్తున్నాయి. చూస్తుండగానే ఆ మెరుపు కదిలింది. బండి గేటు దాటి, అహేరో దాటి, పొలాల్లో కొంగలు లేవకుండా మెల్లగా పోతోంది. వెనక నుంచి అమ్మ ఏదో పాట గొణుగుతోంది. నీళ్ళ వాసన వస్తోంది. కవలలు హారన్ మీద పడేసరికి ఉలిక్కిపడి చూసుకుంటే, ఇంకా యార్డులోనే ఉంది. ఆమెకు ఇది అలవాటే. కుట్టుమిషన్ ముందు కూర్చున్నా, బస్సులో కూర్చున్నా, చర్చిలో కూర్చున్నా ఇంతే, మనిషి ఇక్కడ, మనసు ఎక్కడో.

"ఒకసారి నడిపి చూద్దాం," అంది.

ఎక్కడం ఒక తతంగం అయింది. ఒగుటు లారీ చాటునే ఉండగా నెరియాని ఇద్దరు పట్టుకుని ఆఖరి వరసలోకి ఎక్కించారు. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని మూలిగి, కూర్చున్నాక గౌను సర్దుకుని, "ఊ" అంది. మధ్యలో పిల్లలు సర్దుకున్నారు. ముందు ఎడమ పక్కన అపొండి. అప్పుడు ఒగుటు టోపీ కళ్ళ మీదికి లాక్కుని, దొంగలా వచ్చి కూర్చున్నాడు.

బండి రోడ్డెక్కింది. కాసేపటికి వెనక నుంచి మాట వినిపించింది.

"అడోయో, మీ నాన్నతో చెప్పు. బండి మెత్తగా పోతోంది."

అడోయో ముందుకు వంగింది. "నాన్నా, బండి మెత్తగా పోతోందంటోంది అమ్మమ్మ."

"సంతోషమని చెప్పు మీ అమ్మమ్మతో."

"సంతోషమంట అమ్మమ్మా."

అందరికీ అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. అయినా మాట అడోయో మీదుగానే పోవాలి. అపొండికి గుండె నిండిపోయింది. ఇన్నేళ్ళలో తన తల్లీ తన భర్తా ఒకే చోట కూర్చోవడం ఇదే మొదటిసారి. కల నిజమైపోయిందనే అనుకుంది.

దారిలో ఒక ట్రాక్టరు అడ్డొచ్చింది. దాటబోతూ వెనక ఎవరైనా వస్తున్నారేమోనని ఒగుటు తలెత్తి నడిమి అద్దంలోకి చూశాడు.

చూసి, పాము కనిపించినట్టు అదిరిపడ్డాడు. కాలు బ్రేకు మీద పడింది. పిల్లలందరూ ముందుకు తూలారు. ఒక చేత్తో అద్దాన్ని పైకప్పు వైపు తిప్పేశాడు. వెనక వస్తున్న మోటారు సైకిల్ వాడు గీరుకుపోయేంత దగ్గరగా తప్పించుకుని, కిటికీ పక్కకొచ్చి అరిచాడు. "కళ్ళు కనపడట్లేదా, ముసలోడా!"



"ఏమైందే?" అని నెరియా మెల్లగా అడిగింది.

"నాన్న అద్దం పైకి తిప్పేశాడు అమ్మమ్మా."

నెరియా ఎదుటి సీటు వీపు తడుముకుని పట్టుకుంది. తర్వాత అంది, "అడోయో, మీ నాన్నతో బండి ఆపమని చెప్పు."

దిగి, బండి పక్క రేకును చేత్తో తడుముకుంటూ రోడ్డు పక్కకి వెళ్ళి, మనవరాలి భుజం పట్టుకుని నడిచే ఇంటికి పోయింది. పిలిచినా వెనక్కి తిరగలేదు.

వరసలు లెక్కపెట్టారు. మోకాళ్ళకి చోటు చూశారు, గాలి చూశారు, కోడికి కూడా చోటు చూశారు. మూడు వరసల్నీ దాటి మొహానికి మొహం తెచ్చి పెట్టే అద్దం ఒకటుందని ఇంటిల్లిపాదికీ తట్టలేదు. లోకంలో ఏ కుటుంబమూ బండి కొనేటప్పుడు ఇంత జాగ్రత్తగా పొరపాటు పడి ఉండదు.

ఆ వారమంతా అపొండి కుట్టుమిషన్ ముందు కూర్చుని కలగనలేకపోయింది. కళ్ళు మూసుకుంటే బండి వచ్చేది గాని, ఆఖరి వరస ఖాళీగా ఉండేది. చివరికి ఒక ఉపాయం తట్టి, నీలం గుడ్డ ఒకటి చంకలో పెట్టుకుని తల్లి దగ్గరికి పరిగెత్తింది.

"ముందు వరస వెనక తెర కడతానమ్మా. పల్చటి గుడ్డే. కనిపించీ కనిపించనట్టు ఉంటుంది."

నెరియా గుడ్డ వైపు చూడలేదు. "తెరలు కట్టేది శవాల బండికే అమ్మాయ్. చూడ్డానికి పోతూ కళ్ళకి తెర కట్టుకోమంటావా? ఆ మాట వదిలెయ్. ఆ మలుపు నాకు గుర్తుందిలే. గుర్తున్నది చాల్లే." అంటూ కూతురికి టీ పోసింది. టీ కప్పులో పడలేదు. కప్పు పక్కన బల్ల మీద పడి, అంచు మీదుగా కారి, నేల మీద చుక్కలు చుక్కలుగా పడింది. నెరియా పోస్తూనే ఉంది. అపొండి కప్పును చప్పుడు కాకుండా జరిపి ధార కిందికి తెచ్చింది. 

సాయంత్రం ఒగుటు దుకాణం నుంచి వచ్చి వసారాలో కూర్చున్నాడు. ఉగాలీ ముద్దా, ఒమేనా చేపల పులుసూ పెడితే ముట్టుకోలేదు.

"నీ వల్లే," అంది అపొండి. "ఒక్క క్షణం కళ్ళు కలిస్తే కొంప మునిగిందా? మెల్లగా చూపు తిప్పుకుంటే పోయేదిగా. పాము కరిచినవాడిలా ఆ బ్రేకేమిటి?"

ఒగుటు చాలాసేపు వలల తాడు ముక్క ఒకటి వేళ్ళకి చుట్టుకుంటూ ఉన్నాడు. 

"కలవలేదు అపొండీ."

"ఏంటి?"

"కళ్ళు కలవలేదు. మీ అమ్మ సరిగ్గా నా కళ్ళలోకే చూస్తోంది అద్దంలో. నేను చూశాను. ఆవిడ కళ్ళు దించలేదు." ఆగి మళ్ళీ అన్నాడు. "మన పెళ్ళైన నాటి నుంచి నా నీడ కనిపిస్తే కళ్ళు దించే మనిషి. వీధి చివర నుంచి దించుతుంది. అలాంటిది నా మొహంలోకి చూస్తూ అలాగే ఉండిపోయింది. ఆవిడకి నేను కనిపించలేదే. అందుకు అదిరిపోయాను. మీ అమ్మ మనకి చెప్పినదాని కంటే చీకటి ఎక్కువే ఉంది."

అపొండి అక్కడే గడప మీద కూలబడింది. అప్పటికి గాని ఆమెకు కప్పు పక్కన పడిన టీ పూర్తిగా అర్థం కాలేదు. తల్లి బండి దిగిపోయింది పద్ధతి తప్పిందని కాదు. ఎక్కడ తప్పిందో తనకే తెలియనందుకు సిగ్గుపడి దిగిపోయింది. చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని అపొండి వెక్కివెక్కి ఏడ్చింది. ఒగుటు ఓదార్చలేదు. పక్కన కూర్చుని తాడు విప్పుతూ, చుడుతూ ఉండిపోయాడు.

"ఆఖరి వరసలో నల్ల అద్దాలు, చీకటి," అన్నాడు చివరికి. "ఆవిడకి కనిపించేది ఎదురుగా వెలుతురుంటేనే గదా. అయితే ఆవిడ కూర్చోవలసింది ముందు సీట్లో. అంత పెద్ద అద్దం ఎదురుగా పెట్టుకుని చివర కూర్చోబెట్టాం, తెలివితక్కువవాళ్ళం."

"ముందు సీటంటే నీ పక్కన!"

"నేను నడిపితే గదా. నువ్వు నడుపు."

అపొండి ఏడుపు ఆపి అతన్ని వింతగా చూసింది. "నేనా? నేను మిషన్ తొక్కుతూనే ఎక్కడికో పోతాను. స్టీరింగు పట్టుకుంటే అందర్నీ సరస్సులో దించుతాను."

"ఇన్నేళ్ళుగా కలలు కంటూనే మిషన్ తొక్కావు. సూది ఒక్కసారైనా వేల్లో దిగిందా?"

"లేదు."

"మరి? నేను ఆఖరి వరసలో కూర్చుంటాను."

"నీ కాళ్ళో?"

"మడుస్తాను."

మర్నాడు బకారి దగ్గరికి వెళ్ళి నిజంగానే మడిచి చూశాడు. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి, తల పైకప్పును తాకింది. బకారికి భయమేసింది. "అయ్యా, ఆ వరస చిన్నపిల్లలకండీ!"

"అత్త ముందు అల్లుడు చిన్నపిల్లాడేలే," అన్నాడు ఒగుటు, మెడ వంచుకునే. "కాగితాలు రాయి."

బడి వెనక ఫుట్‌బాల్ మైదానంలో అపొండి నేర్చుకుంది. నేర్పినవాడు ఒగుటే. గేర్లు మార్చే పని లేని బండి కావడం అదృష్టం. బండితో గోల్ స్తంభాన్ని ఒకసారి ముద్దు పెట్టుకుంది. ఎవరిదో ఆవు బండికి అడ్డంగా నిలబడి ఎంతకీ కదలకపోతే, దిగి దాన్ని బతిమాలుకుంది.  తర్వాత ఒక చిత్రం జరిగింది. బండి కదలగానే ఆమెకు కల రావడం మానేసింది. కలలో ఉండేదంతా, ఆ మెల్లగా పోవడం, పక్కనుంచి గడ్డి జారిపోవడం, అద్దం మీద ఆకాశం పాకడం, అన్నీ ఎదురుగానే ఉన్నాయి గదా, కళ్ళు మూసుకునే పని లేకుండా. వానలు తగ్గే లోపు లైసెన్సు చేతికొచ్చింది. ఆ లోపల నెరియా రెండుసార్లు గడప తట్టుకుని పడింది.

వెళ్ళే రోజు పొద్దున్నే బయల్దేరాలనుకున్నారు. కోడిపుంజు తప్పించుకుని పక్కింటి కప్పెక్కింది. కవలల్లో ఒకడి బూటు దొరకలేదు. అకెలోకి సరిగ్గా అప్పుడే ఆకలేసింది. అంతా సర్దుకునేసరికి పొద్దెక్కింది. ఒగుటు ముందే వెళ్ళి ఆఖరి వరసలో, మొక్కజొన్న బస్తా పక్కన, కోడిని ఒళ్ళో పెట్టుకుని ముడుచుకున్నాడు. తర్వాత నెరియాని ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఆ సీటు ఎత్తు. మోకాళ్ళు మూలగలేదు.

"మీ నాన్న ఎక్కడే అడోయో?"

"ఆఖరి వరసలో అమ్మమ్మా. కోడి దగ్గర."

నెరియా ఆలోచించింది. "నా వీపు వైపు గదా. తప్పులేదు," అంది. కాసేపాగి, "తొక్కు అమ్మాయ్," అంది.

అహేరో పొలాలు వచ్చాయి. కొంగలు నిజంగానే లేవలేదు. కటిటో దాటారు. కెండు బే దగ్గర ఆగి మండాజీ బూరెలు కొనుక్కున్నారు. కుడిపక్కన సరస్సు చెట్ల మధ్య కనిపిస్తూ, దాక్కుంటూ వెంట వస్తోంది. పిల్లలు ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయారు, అడోయో తప్ప. బండిలో టైర్ల రొద, కోడి గురక తప్ప వేరే చప్పుడు లేదు. నెరియా ఎదుటి అద్దంలోకి చూస్తూ కూర్చుంది. ఏం కనిపిస్తోందో, ఏం కనిపించడం లేదో అడిగే ధైర్యం అపొండికి లేదు. ఆమె భయం ఒక్కటే. ఆలస్యంగా తెచ్చానేమో. మలుపు వచ్చినా అమ్మకి మలుపు రాదేమో.

హోమా బే దాటాక పొద్దు పడమటికి వాలింది. రోడ్డు గుట్టెక్కి, సన్నబడి, ఒక రాతి పక్కనుంచి తిరిగింది.

తిరగ్గానే సరస్సు మొత్తం ఒక్కసారిగా మీద పడింది. నీళ్ళు కావవి, వెలుతురు. చూపు ఆనినంత మేరా వెలుతురే. దూరంగా తెరచాపలు గోరంత గోరంత నల్లగా కనిపిస్తున్నాయి. ఎదుటి ఎండ బండిలోకి దూరి ముందు వరస దాటి, నిద్రపోతున్న పిల్లల మీదుగా ఆఖరి వరస దాకా పాకింది. అపొండి బండిని నడక కంటే మెల్లగా పోనిచ్చింది. తల్లి వైపు చూడలేక చూసింది.

నెరియా పెదవులు కదిలాయి.  కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఎండ పొడిచినందుకో, చూసినందుకో, చూడలేకపోయినందుకో తెలియలేదు.  అంతలో నెరియా చెయ్యెత్తి, ఎండకి ఓర్చుకోలేక, పైన పలకని తడిమి కిందికి దించింది.

దాని వెనక అద్దం ఉందని అపొండికి అప్పుడు గుర్తొచ్చింది. "అమ్మా!" అంటూ చెయ్యి చాపింది గాని, అప్పటికే చిన్న దీపం వెలిగింది. నడిమి అద్దంలోంచి చూస్తే, ఆఖరి వరసలో ఒగుటు నిండు ఎండలో ఉన్నాడు. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, ఒళ్ళో కోడితో, టోపీ తీసేసి, సరస్సు వైపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆ మొహమంతా పలక అద్దంలో, నెరియా కళ్ళ ముందు ఉంది.

నెరియా కళ్ళు అద్దం మీద ఆగాయి. ఒక్క క్షణం. అంతే, ఎప్పుడూ దించేట్టే, తొందర లేకుండా, తల కొద్దిగా వంచి కళ్ళు దించుకుంది.

అపొండి చూసింది. దించింది. అమ్మ కళ్ళు దించింది. వెనక ఒగుటుకి కూడా అర్థమైనట్టుంది. అతను కూడా తల వంచేసి, కోడి ఈకల్లోకి చూస్తూ కూర్చున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

నెరియా పలకను తన చేత్తోనే మూసేసింది. గౌను సర్దుకుంది. 

"అడోయో, మీ నాన్నతో చెప్పు," అంది. "కాళ్ళు అలా మడుచుకుంటే పట్టేస్తాయి. బండి ఆపుతారు, దిగి కాసేపు చాపుకోమను. నేను అటు తిరిగి సరస్సు చూస్తూ నిలబడతాలే."

"నాన్నా, అమ్మమ్మ…"

"విన్నానమ్మా," అన్నాడు ఒగుటు.

అపొండి కళ్ళు తుడుచుకుని బండిని రోడ్డు పక్కకి తీసి ఆపింది.